ఏ వయసునకు ఏ గ్రంథము?

ప్రత్తిపాడు గుంటూరు నుండి పర్చూరు పోవు మార్గమున, నల్లరేగడి భూముల నడుమనున్న గ్రామము. పేరులోనే ప్రత్తి ఉన్నది. ప్రత్తితోపాటు మిరప ఆ చుట్టుపట్ల ముఖ్యమైన పంట. కాయలు గుంటూరు యార్డుకు చేరి నాలుగు డబ్బులు చేతికి వచ్చిన పిదప తిరుమలకో, మంగళగిరికో కుటుంబముతో యాత్ర చేయువారు ఆ పల్లెలలో పలువురు. తిరిగివచ్చునపుడు ప్రసాదముతోపాటు ఒక పుస్తకమును కూడ సంచిలో వేసికొని వత్తురు. ఇంటికి చేరగానే దానికి పసుపు కుంకుమలు పెట్టి దేవుని అరలో ఉంచుదురు. అంతటితో ఆ గ్రంథము పని తీరిపోవుచున్నది. పూజ జరుగుచున్నది గాని పఠనము జరుగుట లేదు.

ఇది భక్తిలోని లోపము కాదు, ఎంపికలోని లోపము. యాత్రికుడు అట్టపై బొమ్మను చూచి, బరువు చూచి, గొప్ప గ్రంథమని విని పుస్తకమును కొనుచున్నాడు. దానిని ఇంటిలో ఎవరు చదువుదురను ప్రశ్న అతనికి తోచదు. ఆ ప్రశ్నను అడుగవలసినవాడు పుస్తక విక్రేత.

మంచి విక్రేతను గుర్తించుట సులభము. "భాగవతము ఉన్నదా?" అని అడిగిన వెంటనే అతడు అరలోనుండి పుస్తకము తీయడు. "చదివేదెవరండీ?" అని అడుగును. "మా అమ్మ" అన్నచో, "అక్షరాలు ఆనుతాయా? తానే చదువుకుంటారా, మనవడు చదివి వినిపిస్తాడా?" అని మరల అడుగును. ఈ రెండు మాటలతో ఐదు సంపుటముల గ్రంథమునకు బదులుగా గజేంద్రమోక్షమో, ప్రహ్లాద చరిత్రయో విడిగా అచ్చువేసిన చిన్న పుస్తకము బేరమై పోవచ్చును. అతనికి వచ్చు లాభము తగ్గును. అయినను అట్లే చెప్పును. ఒక ప్రచురణ సంస్థకు కట్టుబడక, పదిమంది ముద్రించిన పుస్తకములను ఒకే బల్లపై పెట్టి అమ్ముకొను చిన్న అంగడివానికే ఈ స్వాతంత్ర్యము ఉండును. ఫోనులో బొమ్మ చూచి తెప్పించుకొను పుస్తకము ఇంటికి త్వరగానే వచ్చును గాని, చదివేదెవరని అది అడుగదు.

తెలుగునాట పుస్తకవ్యాపారము ఆది నుండి ఇట్టి వివేకముతో నడచినదే. 1854లో చెన్నపట్టణమున వావిళ్ళ రామస్వామి శాస్త్రులు ముద్రాలయమును నెలకొల్పిరి. ఆయన కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు దానిని పెంపొందించి పురాణములను, కావ్యములను, శతకములను పరిష్కరింపజేసి ప్రకటించిరి. వావిళ్ళవారి ప్రతి అనిన పాఠము నమ్మదగినదని పండితులకు గురి ఏర్పడినది. బందరులో ఎం. శేషాచలం అండ్ కో, అనగా ఎమెస్కో సంస్థ, ఇంటింటా సొంత గ్రంథాలయము అను పథకముతో పుస్తకములను గృహస్థుల గుమ్మములకు చేర్చినది. అమ్మకపు పద్ధతి కాకపోయినను గుంటూరు సీమ మరువరాని ముచ్చట మరొకటి కలదు. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయమును నడపిరి. ప్రయాణికులును, కాలువ గట్టున ఉన్న పల్లెలవారును దానిలోని పుస్తకములను చదువుకొనిరి. పాఠకుడు పుస్తకమును వెదకుకొనుచు రానక్కరలేదు, పుస్తకమే పాఠకుని ఉన్న చోటికి పోవలెనని ఆనాటివారి తలంపు.

ఇక వయసు మాట. చిన్నపిల్లలకు మొదట శతకమే ఇయ్యవలెనని పెద్దలందరును చెప్పుదురు. ఏ శతకమను విషయమున మాత్రము జాగ్రత్త అవసరము. సుమతీ శతకము, కృష్ణ శతకము కంద పద్యములు. పద్యము పొట్టిది, ఊపిరి తిప్పుకొనకుండ చెప్పవచ్చును. కంచెర్ల గోపన్న రచించిన దాశరథీ శతకము వృత్తములతో కూడినది, పాదము దీర్ఘము, సమాసములు ఎక్కువ. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకము సీస పద్యములు. భాష తేలికయే గాని పద్యము పెద్దది. కనుక కందము, ఆపై వృత్తము, ఆపై సీసము అను క్రమములో పోవుట మేలు. తొలినాడే సీసము పట్టించిన పిల్లవాడు రెండవనాడు పుస్తకమును చూచి పారిపోవును, తప్పు వానిది కాదు. సుమతీ శతకములో స్త్రీలనుగూర్చి నేటి బాలురకు నేర్పదగని పద్యములు కొన్ని కలవు. వానిని విడిచి కూర్చిన బాలల ప్రతిని అడిగి తీసికొనుట మంచిది.

పల్లెలో నేడు మరియొక చిక్కు వచ్చినది. ఆంగ్ల మాధ్యమమున చదువు మనుమనికి తెలుగు వత్తులు కూడబలుకుకొననిదే రావు. నాయనమ్మకు నూరు పద్యములు నోటికి వచ్చును గాని అక్షరములు రావు, లేదా చూపు ఆనదు. ఒకరికి గొంతు ఉన్నది, మరొకరికి కన్ను ఉన్నది. ఈ ఇద్దరి నడుమ ఒక పుస్తకమును పెట్టగలిగిన విక్రేత ఆ ఇంటికి గొప్ప ఉపకారము చేసినవాడగును. పిల్లవాడు తడబడుచు ఒక పాదము చదువును, నాయనమ్మ "అట్లా కాదురా నాన్నా" అని తప్పు దిద్ది తక్కిన మూడు పాదములు అప్పగించును. ఆమె పోయిన తరువాత ఆ దిద్దుబాటు ఏ పుస్తకములోను దొరకదు. అందుచేత ఇట్టి ఇంటికి కొను పుస్తకమునకు పెద్ద అక్షరములు, పదవిభాగము, పద్యము క్రిందనే తాత్పర్యము ఉండుట ముఖ్యము. అట్ట అందము తరువాతి మాట.

పోతన భాగవతమునుగూర్చి కొంత వివరముగా చెప్పుకొనవలసియున్నది. అందరును కొనునది, ఎక్కువమంది మొదటి స్కంధములోనే ఆపివేయునది అదియే. పన్నెండు స్కంధములను వరుసగా చదువవలెనను నియమము పారాయణమునకు చెల్లును. కొత్తగా చదువబూనినవాడు ఏడవ స్కంధములోని ప్రహ్లాద చరిత్రము, ఎనిమిదవ స్కంధములోని గజేంద్రమోక్షము, వామన చరిత్రము, దశమములోని బాలలీలలు, రుక్మిణీ కల్యాణము మొదట చదివి, పద్యపు నడక చెవికి పట్టిన పిదప తక్కినవానికి పోవచ్చును. ఐదవ స్కంధము గంగన, ఆరవది సింగన, పదకొండు పన్నెండు స్కంధములు నారయ పూరించినవని ఎరిగియున్నచో, శైలి మారినపుడు పాఠకుడు తికమకపడడు. అర్థము తెలియకున్నను పారాయణఫలము కలుగునని నమ్మువారు ఉన్నారు. ఆ నమ్మకమును కాదనవలసిన పని లేదు. అయితే ఎనిమిదేండ్ల బాలునికిని, ఎనుబదేండ్ల వృద్ధునికిని ఒకే ప్రతిని ఇచ్చుటకు ఆ నమ్మకము సాకు కారాదు.

యౌవనమున ఉన్నవారికి పాట దగ్గర. అన్నమాచార్యుల కీర్తనలను వారు వినుచునే ఉందురు. విన్న కీర్తనలకు అర్థము వివరించు సంపుటమును, ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రమును ఇచ్చిన సరిపోవును. ఆముక్తమాల్యద గోదాదేవి కథయే కదా అని కొత్త పాఠకుని చేతిలో పెట్టరాదు. రాయలవారి పద్యము ప్రౌఢము. వేదము వేంకటరాయశాస్త్రులవారి వంటి వ్యాఖ్య తోడులేనిదే సామాన్యునికి కొరుకుడుపడదు. సంసారపు పనులతో తీరిక చిక్కని నడివయసువారికి మొల్ల రామాయణము, వచనము కావలసినచో ఉషశ్రీ రామాయణ భారతములు అనుకూలములు. ఆకాశవాణి విజయవాడ కేంద్రమునుండి ఉషశ్రీ ఉపన్యాసములు విన్నవారికి ఆ పుస్తకము చదువుచున్నపుడు ఆ కంఠమే వినిపించును. వృద్ధులకు విష్ణుసహస్రనామము పెద్దక్షరముల ప్రతి చాలును. అర్థవిచారణ కోరు శ్రీవైష్ణవులు పరాశరభట్టరు భాష్యమును అనుసరించిన వివరణ ఉన్నదేమో అడిగి చూడవలెను.

కొనుటకు ముందు పుస్తకమును మధ్యకు విప్పి, తనకు కంఠస్థమైన ఒక పద్యమును వెదకి చదువవలెను. ఆ ఒక్క పద్యములో రెండు అచ్చుతప్పులున్నచో తక్కిన పుటల సంగతి తెలిసినట్లే. తిరునాళ్ళలో చౌకగా దొరకు శతకములలో ఈ దోషము తరచు కనబడును. తప్పుగా నేర్చిన పద్యమును సరిదిద్దుట క్రొత్తగా నేర్పుటకంటె కష్టము. కుట్టు గట్టిదో, జిగురుతో అతికించినదో కూడ చూడవలెను. నిత్యము విప్పు పుస్తకము జిగురుతో ఏడాది నిలువదు. నిజాయితీగల విక్రేత ఈ పరీక్షకు కోపపడడు. 1989లో ఆరంభమైన విజయవాడ పుస్తక మహోత్సవము వంటి చోట్ల ఒకే గ్రంథము నాలుగు ముద్రణలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుకొను వీలుండును.

ఏ పుస్తకముతో మొదలుపెట్టవలెనో తేల్చుకొనలేని ఇంటికి తిరుప్పావై తగినది. పాశురములు ముప్పది, ధనుర్మాసపు దినములును రమారమి అన్నియే. ముళ్ళపూడి వెంకటరమణ తెలుగు మాటలతో, బాపు బొమ్మలతో వెలువడిన "మేలుపలుకుల మేలుకొలుపులు" పిల్లలకు కంటికి ఇంపు, పెద్దలకు చెవికి ఇంపు. ఆ మాసమున చేలలో ప్రత్తి తీత సాగుచుండును. పగలు ఎవరికిని తీరిక ఉండదు. దీపము పెట్టిన పిదప పుట ఒకటి, పాశురము ఒకటి. మనుమడు చదువును, నాయనమ్మ వినును, తల్లి వంట ఇంటిలోనుండియే చెవి యొగ్గును. ముప్పదవ పాశురము భోగినాటికి వచ్చును. పండుగ వెళ్ళిన తరువాత మిరప కోతలు మొదలగును.