స్వచ్ఛందముగా ఇచ్చిన చందా వ్యాపార ఖర్చు కాగలదా?

నేడు మండల కేంద్రములలో సైతము కంప్యూటరు లేనిదే అచ్చుపని సాగుట అరుదు. అందు వాడు సాధనములలో కొన్నింటికి వెల లేదు. లిబ్రే ఆఫీసు వంటి సాఫ్టువేరును ఇంటర్నెట్టు ద్వారా ఎవరైనను ఉచితముగా తెచ్చుకొనవచ్చును. ఇష్టమున్నవారు ఎంతో కొంత చందా పంపవచ్చును. ఒక ముద్రాపకుడు దానితో కరపత్రములు, బిల్లు పుస్తకములు కూర్చి, ఏడాదికి 2,000 రూపాయలు చందా పంపెననుకొందము. ఎవరును నిర్బంధింపని ఈ సొమ్మును, పన్ను లెక్కలో, లాభము నుండి తీసివేయవచ్చునా?

తప్పనిసరి కాని ఖర్చు చెల్లదని తలచి వదలుకొనువారు కలరు. అది సరికాదు. 1961 నాటి ఆదాయపు పన్ను బిల్లులో, వ్యాపారము కొరకు పూర్తిగా, కేవలము, అవసరముగా చేసిన ఖర్చు మాత్రమే చెల్లునని ఉండెను. "అవసరముగా" అను మాటపై ప్రజలు నిరసన తెలుపగా, దానిని తొలగించి 37వ సెక్షనును చట్టము చేసిరి. సుప్రీంకోర్టు 1979లో సాసూన్ డేవిడ్ కంపెనీ కేసులో ఈ సంగతిని ప్రస్తావించి, వ్యాపార ప్రయోజనమునకై స్వచ్ఛందముగా చేసిన ఖర్చు కూడ చెల్లుననియు, దానివలన ఇతరులకు మేలు కలిగినను బాధ లేదనియు తీర్పు చెప్పినది.

మన రాష్ట్రపు కేసు మరియొకటి కలదు. శ్రీ వెంకట సత్యనారాయణ రైస్ మిల్ కాంట్రాక్టర్స్ కంపెనీవారు, బియ్యము ఎగుమతి పర్మిట్ల నిమిత్తము, కలెక్టరు నెలకొల్పిన జిల్లా సంక్షేమ నిధికి చందా ఇచ్చిరి. 1996లో సుప్రీంకోర్టు దానిని వ్యాపార వ్యయముగా అంగీకరించినది. చందా అను పేరు అడ్డు రాలేదు. వ్యాపారముతో గల సంబంధమునే కోర్టు చూచినది.

2025లో చేసిన కొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించునట్టిది. అందు సెక్షను సంఖ్యలు మారినను ఈ సూత్రము మారలేదు.

కావున మన ముద్రాపకుని వాదమునకు బలము కలదు. కాని రుజువు చూపు బాధ్యత అతనిదే. చందా రసీదును, బ్యాంకు లెక్కను భద్రపరచి, ఆ సాఫ్టువేరుతో ఏయే పనులు జరిగినవో జమాఖర్చు పుస్తకములో ఆనాడే వ్రాసికొనవలెను. "ధర్మము" అని వ్రాసి, పిమ్మట వ్యాపార ఖర్చని వాదించుట కష్టము. పిల్లల చదువునకో, కాలక్షేపమునకో వాడు సేవకు పంపిన సొమ్ము సొంత ఖర్చే యగును.

విరాళములకు వేరుగా ఉన్న 80జి రాయితీ ఇచట పనికిరాదు. అది మన దేశములో ఆమోదము పొందిన సంస్థలకే వర్తించును. లిబ్రే ఆఫీసును పోషించు సంస్థ జర్మనీకి చెందినది. పైగా కొత్త పన్ను పద్ధతిలో ఉన్నవారికి ఆ రాయితీయే లేదు. వ్యాపార ఖర్చు మాత్రము ఏ పద్ధతిలోనైనను చెల్లును.

అయితే చిన్న వ్యాపారులలో పలువురు అంచనా పద్ధతిని ఎంచుకొందురు. అనగా అమ్మకములలో 8 శాతమును, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ములో 6 శాతమును కనీస లాభముగా చూపుదురు. అందు ఖర్చులన్నియు ముందే కలిసియున్నవని చట్టము భావించును. అట్టివారు చందా పంపినను పన్ను తగ్గదు.