పన్నెండు మాటల తాళంచెవి

మన కాకినాడ గొట్టం కాజా పేరు వినని తెలుగువారు తక్కువ. అందుకే ఎన్నో ఊళ్ళలో రోడ్డు పక్కన 'కాకినాడ కాజా' అనే బోర్డు కనిపిస్తుంది. బోర్డు రాయించడానికి రంగు, కుంచె చాలు. లోపల పాకం ఉందో లేదో కొరికితేనే తెలుస్తుంది. ఫోనులో వచ్చే మెసేజి పైన ఉండే పేరూ, ఫోటో కూడా అలాంటి బోర్డే! 2020లో నల్గొండ జిల్లా పోలీసు సూపరింటెండెంటు పేరుతోనే ఎవరో నకిలీ ఫేస్‌బుక్ ఖాతా తెరిచి, ఆయనకు తెలిసినవారిని డబ్బు అడిగారు.

ఈ వేషాలు క్రిప్టో కరెన్సీ విషయంలో మరీ ప్రమాదం. ఎందుకో చూద్దాం.

వీటిలో మొదటిదైన బిట్‌కాయిన్ 2009లో మొదలైంది. దీనికి నోటూ లేదు, నాణెమూ లేదు. ఎవరు ఎవరికి ఎంత పంపారో రాసిన పద్దు పుస్తకం ఒకటి ఉంటుంది. దాని నకళ్ళు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. ఒకరి పద్దులోంచి సొమ్ము కదలాలంటే వారి రహస్య సంఖ్య కావాలి. అంత పెద్ద సంఖ్యను రాసుకోవడం కష్టం కనుక, 'వాలెట్' అనే ప్రోగ్రాములు చాలావరకు దానికి బదులు 12 ఇంగ్లీషు మాటలు ఇస్తాయి. ఆ మాటలు 2048 మాటల పట్టికలోంచి వస్తాయి.

ఇక్కడ కాస్త లెక్క చేయండి. మొదటి మాటకు 2048 అవకాశాలు. రెండు మాటలకు 2048×2048, అంటే 41,94,304. ఇలా పన్నెండు మాటలకూ గుణిస్తే 40 అంకెల సంఖ్య వస్తుంది! ఎంత వేగంగా పనిచేసే కంప్యూటరైనా వాటిని ఒక్కొక్కటే ప్రయత్నించి మీ మాటలు పట్టుకోలేదు. మరి దొంగ ఏం చేస్తాడు? తాళం పగలదని వాడికీ తెలుసు. అందుకే తాళంచెవిని సొంతదారునే అడుగుతాడు.

ఎలా అడుగుతాడంటే, ఒకరు టెలిగ్రాం గుంపులో "నా వాలెట్ తెరుచుకోవడం లేదు" అని రాస్తారు. రెండు నిమిషాల్లో కంపెనీ గుర్తు పెట్టుకుని ఒకడు విడిగా మెసేజి పంపుతాడు: "మేము సహాయ విభాగం. మీ 12 మాటలు పంపండి, సరిచేస్తాం." గుంపులోనే ఎందుకు అడగడు? అక్కడైతే తెలిసినవారెవరో ఒకరు హెచ్చరిస్తారు. అసలు కంపెనీకి ఆ మాటలతో పనే లేదు. కాబట్టి ఎవరు అడిగినా సరే, ఆ అడగడమే దొంగతనానికి రుజువు.

పేరు పరీక్షగా చూస్తే చాలదా? చాలదు. ఇంగ్లీషు చిన్నబడి 'ఎ' అక్షరానికి కంప్యూటరులో సంఖ్య 97. రష్యన్ లిపిలో అచ్చం అలాగే కనిపించే అక్షరం సంఖ్య 1072. కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకు వేరు. అందువల్ల అదే పేరులా కనిపించే మరో ఖాతా తెరవడం సులభం.

ఖాతా అసలుదే అయినా నమ్మలేం. 2020 జూలై 15న ట్విట్టర్‌లో ఒబామా, బిల్ గేట్స్ వంటి వారి అసలు ఖాతాల నుంచే "బిట్‌కాయిన్ పంపండి, రెట్టింపు తిరిగి ఇస్తాం" అన్న ప్రకటనలు వచ్చాయి. కొన్ని గంటల్లో లక్ష డాలర్లకు పైగా పోయాయి. దొంగలు ఆ కంపెనీ ఉద్యోగులనే ఫోనులో మోసగించి లోపలికి దూరారు. ముఖ్య నిందితుడు అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన 17 ఏళ్ళ కుర్రవాడు! అంత తెలివి మరో పనికి ఉపయోగపడి ఉంటే ఎంత బాగుండేది.

అమెరికాలో చదువుతున్న మీ అన్నయ్య పేరుతో "అర్జెంటు, ఈ అడ్రసుకు క్రిప్టో పంపు" అని మెసేజి వచ్చిందనుకోండి. అక్కడే జవాబు ఇవ్వకండి. మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మీరే ఫోను చేయండి. ఈ రోజుల్లో గొంతును కూడా కంప్యూటరు అనుకరిస్తుంది కనుక, ఇంట్లోవారికి మాత్రమే తెలిసిన ప్రశ్న ఒకటి అడగండి.

పద్దు పుస్తకంలో ఒకసారి స్థిరపడిన చెల్లింపును రద్దు చేసే బ్యాంకు మేనేజరంటూ ఎవరూ లేరు. అయినా మోసం జరిగితే ఇంట్లో దాచకండి. వెంటనే 1930కి ఫోను చేయించండి. మెసేజిలు చెరపకుండా, డబ్బు వెళ్ళిన అడ్రసుతో సహా ఫోటోలు తీసి ఉంచండి. సొమ్ము ఏదైనా ఎక్స్ఛేంజికి చేరితే పోలీసులు అక్కడ ఆపించే వీలుండవచ్చు. ఆ తరువాత "పోయిన డబ్బు తెచ్చిపెడతాం, ముందు ఫీజు కట్టండి" అంటూ మరొకడు మెసేజి పంపవచ్చు. తరచు వాడూ ఆ ముఠావాడే.