కుండలో దొరికిన చరిత్ర

అక్కలారా! మ్యూజియం అనే మాట మీరు వినే ఉంటారు. పాతకాలపు వస్తువులను భద్రంగా దాచి, అందరికీ చూపించే చోటే మ్యూజియం.

ఒక ఆదివారం మా రాత్రి బడి అక్కలతో కలిసి సికింద్రాబాద్‌లో బస్సెక్కి నాంపల్లిలో దిగాను. అక్కడ అసెంబ్లీ పక్కన పబ్లిక్ గార్డెన్స్ ఉంది. పాతవాళ్లు దాన్ని బాగే ఆం అంటారు. ఆ తోటలోనే పురావస్తు మ్యూజియం ఉంది. నిజాం కాలంలో, 1930లో దీన్ని ఏర్పాటు చేశారు.

"రాజుల సొమ్ము చూస్తే మనకేమొస్తది టీచరమ్మా? ఒక పూట పని పాయె" అంది ఒక అక్క. ఆమె కంకర పనికి పోతుంది.

లోపల రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు, కత్తులు, బిద్రీ పాత్రలు చూశాం. అద్దాల పెట్టెలో మమ్మీ ఉంది. మమ్మీ అంటే కుళ్లిపోకుండా మందులు పూసి, గుడ్డలు చుట్టి దాచిన శవం. అది ఈజిప్టు దేశపు ఒక అమ్మాయిది. చనిపోయి రెండు వేల ఏళ్లు దాటింది. "ఏ తల్లి బిడ్డో!" అన్నారు అక్కలు.

తర్వాత నాణేల గదికి వచ్చాం. కంకర పని అక్క ఒక చీటీ ముందు ఆగింది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "వెం-డి నా-ణే-లు." చదివి అట్లాగే నిలబడిపోయింది.

"టీచరమ్మా, మా ఊళ్లో బావి తవ్వుతుంటే ఇట్లాంటివే కుండ నిండా దొరికినయి. నేను చిన్నపిల్లను. పెద్దోళ్లు పంచుకొని కరిగించిన్రు. వాటి మీద ఏం రాసుందో ఎవరికీ తెల్వదు. అప్పుడు చదువు లేకపాయె" అంది.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మేమెవ్వరం మాట్లాడలేదు.

అక్కలారా! నాణెం మీద రాజు పేరో, గుర్తో ఉంటుంది. దాన్నిబట్టి ఆ ఊరు ఎంత పాతదో, ఎవరి ఏలుబడిలో ఉండేదో తెలుస్తుంది. కరిగిస్తే వెండి మిగులుతుంది, ఊరి కథ పోతుంది.

సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో 1940వ దశకంలో తవ్వకాలు జరిపారు. సుమారు రెండు వేల ఏళ్ల నాటి శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు దొరికాయి. పూసలు వేసుకున్నదీ, బొమ్మలతో ఆడుకున్నదీ రాజులు మాత్రమే కాదు. మనలాంటి వాళ్ల బతుకు కూడా చరిత్రే.

భూమిలో నిధి దొరికితే ఏం చేయాలి? దీనికి 1878 నాటి నిధుల చట్టం ఉంది. పది రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే శిక్ష పడవచ్చు. దొరికిన వాళ్ల హక్కు గురించి కూడా చట్టంలో ఉంది. కనుక భయపడి దాచవద్దు, కరిగించవద్దు.

ఏటా మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. నవంబరు 19 నుండి 25 వరకు వారసత్వ వారోత్సవాలు. ఆ రోజుల్లో మ్యూజియాల్లో ప్రత్యేక ప్రదర్శనలు పెడుతుంటారు. సెలవు రోజు ఏదో ముందే కనుక్కొని, పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లండి. చీటీలు మీరే చదివి వాళ్లకు చెప్పండి.

తిరుగు ప్రయాణంలో కంకర పని అక్క బస్సు బోర్డు తానే చదివింది. "సికింద్రాబాద్! ఎక్కుండ్రి" అని అందరినీ పిలిచింది.

చదివి చెప్పండి
1. మ్యూజియం అంటే ఏమిటి?
2. నాణేలు కరిగిస్తే ఏం పోతుంది?
3. నిధి దొరికితే ఎవరికి తెలియజేయాలి?
4. మీ ఊళ్లో పాత గుడి, బావి, రాతి శాసనం ఉన్నాయా? వాటి గురించి నాలుగు మాటలు రాయండి.