సగటు ఎక్కడిదాకా పనికొస్తుంది

చిరంజీవి చిన్నాకు,

ఎం.టెక్. ప్రాజెక్టుకు విమానాల కాంపోజిట్ల మల్టీస్కేల్ మోడలింగ్ తీసుకున్నావని తెలిసి సంతోషించాను. అనంతసాగరంలో మీ నాన్న "అదేం చదువురా" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదని రాశావు. ఇలా చెప్పు. రెక్క మీటర్ల పొడవుంటుంది. అందులో ఒక్కో పొర మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఆ పొరలో కార్బన్ పోగు 7 మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో ఇంచుమించు పదో వంతు. రెక్కలో ఉన్న పోగులన్నీ ఒక్కొక్కటిగా గీసి లెక్క కట్టాలంటే ఏ కంప్యూటర్‌కీ చేతకాదు. అందుకని చిన్న ముక్కలో లెక్క కట్టి ఆ ఫలితం పొరకి, పొరది రెక్కకి అందిస్తాం.

సాఫ్ట్‌వేర్ తెరవకముందు కాగితం మీద లెక్క చేసుకో. టీ300 రకం పోగు స్టిఫ్‌నెస్ 230 గిగాపాస్కల్స్, ఎపాక్సీ రెజిన్‌ది సుమారు 3.5. ఘనపరిమాణంలో పోగులు 60 శాతం అనుకుని రెండింటి వాటాలూ కలిపితే పోగు వెంబడి 139 వస్తుంది. ల్యాబ్‌లో లాగి చూసినా దాని దరిదాపుల్లోనే ఉంటుంది. అదే పొరని అడ్డంగా లాగితే ఎనిమిదో తొమ్మిదో! పైగా అడ్డం దిక్కున ఇలాంటి తేలిక సూత్రాన్ని నమ్మలేం. కార్బన్ పోగు అడ్డంగా అంత గట్టిది కాదు, పోగుల నడుమ రెజిన్ ఎలా సర్దుకుందో కూడా చూడాలి. నీ ఫైనైట్ ఎలిమెంట్ ముక్కతో అసలు పని అక్కడ పడుతుంది.

పొరల లెక్కకి జె.ఎన్. రెడ్డి గారిని చదువు. వరంగల్ జిల్లాలో పుట్టి, 1968లో ఉస్మానియాలో ఇంజనీరింగ్ ముగించి అమెరికా వెళ్లారు. అంతకుముందు వాడుకలో ఉన్న సిద్ధాంతం పలక మందమంతా షియర్ ఒకేలా ఉందనుకుని, వచ్చిన తేడాని ఒక గుణకంతో సర్దేది. ఆయన 1984లో, పలక పైముఖం మీదా కిందిముఖం మీదా షియర్ సున్నా అయ్యేలా సిద్ధాంతం రాశారు. ఇక ఆ గుణకంతో పని లేకపోయింది. 2019లో ఆయనకి తిమొషెంకో పతకం వచ్చింది. ఆయన ఫైనైట్ ఎలిమెంట్ పుస్తకం దగ్గర పెట్టుకో. సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నొక్కడం ఎవరైనా నేర్పుతారులే.

ఇంత రాసింది అసలు ఈ సంగతి కోసం. కింది స్థాయి నుంచి పైకి నువ్వు పంపేది సగటు. స్టిఫ్‌నెస్‌కి సగటు చాలు, కొన్ని పదుల పోగులున్న ముక్క తీసుకుంటే అంకె నిలకడగా వస్తుంది. విరగడం దగ్గర ఆ ఆట సాగదు. మన ఊరి చెరువు కట్ట ఎంత గట్టిదైనా గండి పడేది ఎలకబొక్క ఉన్న చోటే కదా, అలాగే పగులు కూడా పోగులు ఒకదాన్నొకటి ఒరుసుకున్న చోటో, గాలిబుడగ దగ్గరో మొదలవుతుంది. పగులు మొదలయ్యాక ముక్క సైజు మారిస్తే జవాబూ మారుతుంది. పోగుల్ని వరసగా, ముచ్చటగా పేర్చిన బొమ్మలో ఆ బలహీనమైన చోటే ఉండదు. అందుకే అలాంటి మోడల్ బలాన్ని ఎక్కువ చేసి చెబుతుంది. రంగురంగుల చిత్రం చూసి మురిసిపోయేవాళ్లని చాలామందిని చూశాను.

కాబట్టి వర్క్‌షాప్‌కి వెళ్లు అబ్బయ్యా. ముక్కని కోసి, నున్నగా పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టి ఫోటో తియ్యి. పోగులు తెల్లటి చుక్కల్లా, రెజిన్ బూడిదరంగులో, బుడగలు నల్లగా కనిపిస్తాయి. ఒక మూల పోగులు కిక్కిరిసి ఉంటాయి, ఇంకో మూల ఉత్త రెజినే. ఆ ఫోటో నుంచే నీ మోడల్ గియ్యి. ఆటోక్లేవ్‌లో 180 డిగ్రీల దగ్గర గట్టిపడి చల్లారేటప్పుడు రెజిన్ ముడుచుకుంటుంది, పోగు తన పొడవునా దాదాపు ముడుచుకోదు. అంటే బరువు వెయ్యకముందే లోపల ఒత్తిడి ఉంది. దాన్ని సున్నా అనుకుని మొదలుపెట్టిన లెక్క మొదట్లోనే తప్పు. ఇక పొరలు పరిచేటప్పుడు ప్రీప్రెగ్ (ముందే రెజిన్ పట్టించిన పొర) వెనకున్న కాగితం ఒలవడం మర్చిపోతే ఏ మోడలూ పసిగట్టలేదు, ఆ పని చేసేవాళ్ల దగ్గర కూచుని చూడు.

పరీక్షలో విరిగిన ముక్కల్ని పారెయ్యనివ్వకు. తేజస్ విమానం బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్లే. అలాంటి విమానాలకి కూడా చిన్న ముక్కని లాగి విరిచే పరీక్షతో మొదలుపెట్టి, పూర్తి రెక్క దాకా పరీక్షిస్తూ పోతారు. నీ లెక్క నిలబడిందో లేదో ఆ ముక్కలే చెబుతాయి.

ఖరీదైన ల్యాప్‌టాప్ కావాలన్నావు. కాలేజీలో కంప్యూటర్ క్లస్టర్ ఉంటే అంత అక్కర్లేదు, ముందు అది కనుక్కో. లేదంటే మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న