పాఠం 9: క్రీడాకారుల జీవితకాల సగటు – లెక్క కట్టే విధానం

9.1 పరిచయం

సగటు కట్టడం మీకు కొత్త కాదు. ఇచ్చిన విలువలన్నీ కూడి, అవి ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. అయితే ఎవరో ముందే కట్టి ఉంచిన సగటులు మన చేతికి వస్తే ఏం చేయాలి? వాటిని మళ్ళీ కూడి భాగించవచ్చా? ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం.

ఢిల్లీలో ఐ.ఐ.టి.కి దగ్గరలో కటవారియా సరాయ్ అనే పేట ఉంది. పోటీ పరీక్షలకు చదువుకొనేవారు చాలామంది అక్కడ గదులు అద్దెకు తీసుకొని ఉంటారు. అలాంటి ఒక గదిలో ఉన్న మన తెలుగు విద్యార్థి ఒక నెలలో 30 పూటలు మెస్సులో పూటకు 60 రూపాయల చొప్పున, 10 పూటలు హోటల్లో పూటకు 100 రూపాయల చొప్పున భోజనం చేశాడనుకోండి. డబ్బంతా అతని మిత్రుడు చెల్లించాడు. నెలాఖరున ఆ మిత్రుడు, "60కి, 100కి సగటు 80. 40 పూటలకు 3,200 ఇవ్వు" అన్నాడు. ఇవ్వాలా?

నిజంగా అయిన ఖర్చు 1,800 + 1,000 = 2,800 రూపాయలు. పూటకు సగటు 2,800 ÷ 40 = 70 రూపాయలే. మిత్రుడి లెక్కలో 400 రూపాయలు ఎక్కువ పడ్డాయి. 30 పూటల ధరకు, 10 పూటల ధరకు సమానమైన విలువ ఇవ్వడమే అతను చేసిన పొరపాటు.

9.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సగటుల సగటుకు, భారిత సగటుకు తేడా చెప్పగలుగుతారు;
• క్రీడాకారుని జీవితకాల సగటును సరిగా కట్టగలుగుతారు;
• ఏ కొలతను కూడాలో, దేనికి సగటు కట్టాలో గుర్తించగలుగుతారు.

9.3 పొరపాటు వల్ల స్థానాలే మారిన వైనం

పై పొరపాటే ఆటల లెక్కల్లో జరిగితే ఏమవుతుందో చూడండి. అమెరికాలోని ఎన్.బి.ఎ. బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఇద్దరు మేటి ఆటగాళ్ళు ఉండేవారు. విల్ట్ చాంబర్లేన్ 1959 నుంచి 1973 వరకు 14 సీజన్లు ఆడాడు. మైకెల్ జోర్డాన్ 1984 నుంచి 2003 వరకు, మధ్యలో విరామాలతో, 15 సీజన్లు ఆడాడు. ప్లేఆఫ్ ఆటలు కలపకుండా వారి మొత్తాలు ఇవి:

జోర్డాన్: 1,072 ఆటలు, 32,292 పాయింట్లు
చాంబర్లేన్: 1,045 ఆటలు, 31,419 పాయింట్లు

మొత్తం పాయింట్లను మొత్తం ఆటలతో భాగిస్తే జోర్డాన్‌కు ఆటకు 30.12, చాంబర్లేన్‌కు 30.07 వస్తాయి. జోర్డాన్‌ది పైచేయి.

ఇప్పుడు తప్పు దారిలో వెళ్ళి చూద్దాం. ఒక్కొక్క సీజన్ సగటును తీసుకొని, అన్నింటినీ కూడి, సీజన్ల సంఖ్యతో భాగిద్దాం. జోర్డాన్‌కు 29.5, చాంబర్లేన్‌కు 30.1 వస్తాయి. స్థానాలు తారుమారయ్యాయి!

కారణం ఏమిటి? కాలి గాయం వల్ల జోర్డాన్ 1985–86లో 18 ఆటలే ఆడాడు. ఆ సీజన్ సగటు 22.7. విరామం తరువాత తిరిగి వచ్చిన 1994–95లో 17 ఆటలే ఆడాడు, సగటు 26.9. ఆ 18 ఆటల సగటుకు 82 ఆటలాడిన 1986–87 సీజన్ సగటుతో, అంటే 37.1తో, సమాన విలువ ఇవ్వడం న్యాయం కాదు కదా!

9.4 భారిత సగటు

ప్రతి సగటును దాని వెనుక ఉన్న సంఖ్యతో గుణించి, ఆ లబ్ధాలను కూడి, ఆ సంఖ్యల మొత్తంతో భాగిస్తే వచ్చేది భారిత సగటు. గుణించే సంఖ్యను భారం అంటారు. భోజనాల లెక్కలో పూటలు భారం. ఆటకు ఇన్ని పాయింట్లు అనే సగటులో ఆటలు భారం.

గుర్తుంచుకోండి: మొదట ఏ సంఖ్యతో భాగించారో, కలిపేటప్పుడు అదే భారం.

క్రికెట్‌లో ఈ సంఖ్య వేరు. అక్కడ బ్యాటింగ్ సగటుకు అవుటైన సార్లతో భాగిస్తారు. వి.వి.ఎస్. లక్ష్మణ్ టెస్టుల్లో 225 ఇన్నింగ్స్ ఆడి 34 సార్లు అవుట్ కాకుండా మిగిలాడు. కాబట్టి అతని 8,781 పరుగులను 191తో భాగించాలి. సగటు 45.97.

పాఠ్యగత ప్రశ్న 9.1
హైదరాబాదుకు చెందిన మిథాలీ రాజ్ వన్డేల్లో 211 ఇన్నింగ్స్‌లో 7,805 పరుగులు చేసింది. 57 సార్లు అవుట్ కాలేదు. సగటు ఎంత?

9.5 బాస్కెట్‌బాల్‌లో పైస్థాయి కొలతలు

ఇవి మూడు రకాలు. రకాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

(అ) మొత్తాల నుంచి మళ్ళీ కట్టేవి. ట్రూ షూటింగ్ శాతం ఇందుకు ఉదాహరణ. వచ్చిన అవకాశాలను ఆటగాడు ఎంత బాగా పాయింట్లుగా మార్చాడో ఇది చెబుతుంది.

సూత్రం: పాయింట్లు ÷ [2 × (ఫీల్డ్ గోల్ ప్రయత్నాలు + 0.44 × ఫ్రీ త్రో ప్రయత్నాలు)]

ఫ్రీ త్రోలు ఎక్కువగా రెండేసి వస్తాయి. అందువల్ల ఒక్కొక్కటి అర అవకాశం, అంటే 0.5, కావాలి. కాని బుట్టలో బంతి వేస్తూ ఫౌల్‌కు గురైనప్పుడు వచ్చే అదనపు త్రో కొత్త అవకాశాన్ని ఖర్చు చేయదు. ఇటువంటివాటి వల్ల 0.44 అని తీసుకొంటారు.

జోర్డాన్ జీవితకాలంలో 24,537 ఫీల్డ్ గోల్ ప్రయత్నాలు, 8,772 ఫ్రీ త్రో ప్రయత్నాలు చేశాడు.
0.44 × 8,772 = 3,859.68
24,537 + 3,859.68 = 28,396.68
32,292 ÷ (2 × 28,396.68) = 0.569, అంటే 56.9 శాతం.
ఇక్కడ సీజన్ల శాతాలను మనం ముట్టుకోలేదు, గమనించారా?

(ఆ) నిమిషాలు భారంగా ఉండేవి. పి.ఇ.ఆర్. అనే కొలత ఆటగాడు ఆడిన నిమిషాలను బట్టి అతని సామర్థ్యాన్ని చెబుతుంది. ప్రతి సీజన్‌లో లీగ్ సగటు 15 ఉండేటట్లు దీన్ని సరిచేస్తారు. వేర్వేరు సీజన్ల పి.ఇ.ఆర్.లను కలిపేటప్పుడు ఆడిన నిమిషాలే భారం.

(ఇ) కేవలం కూడవలసినవి. విన్ షేర్లు జట్టు గెలుపుల్లో ఆటగాడి వాటాను తెలుపుతాయి. వాటిని ఏటికేడు కూడితే చాలు. జోర్డాన్ మొత్తం 214. సగటు కావాలంటే అతను ఆడిన 41,011 నిమిషాలతో భాగించి, ఒక పూర్తి ఆట నిడివి అయిన 48తో గుణించాలి. 0.250 వస్తుంది.

పాఠ్యగత ప్రశ్న 9.2
ఒక ఆటగాడు మొదటి సీజన్‌లో 500 నిమిషాలు ఆడగా పి.ఇ.ఆర్. 12, రెండో సీజన్‌లో 2,000 నిమిషాలు ఆడగా 20. రెండు సీజన్లకు కలిపి ఎంత?

9.6 మీరు ఏమి నేర్చుకొన్నారు

• సగటుల వెనుక ఉన్న సంఖ్యలు సమానమైతేనే సగటుల సగటు సరిగా వస్తుంది.
• మొత్తాలు దొరికితే మొత్తాల నుంచే కట్టాలి. దొరకకపోతే భారిత సగటు కట్టాలి.
• ఎవరైనా సగటు చెబితే, "దేనితో భాగించారు?" అని అడగాలి. కూలి లెక్కలోనైనా, మార్కుల లెక్కలోనైనా ఈ ప్రశ్న మిమ్మల్ని నష్టపోకుండా కాపాడుతుంది.

9.7 పాఠాంత ప్రశ్న

మీ ఇంట్లో రెండు నెలల్లో వేర్వేరు ధరలకు కొన్న బియ్యం లెక్క రాయండి. కిలో సగటు ధరను రెండు విధాలా కట్టి, తేడా ఎందుకు వచ్చిందో నాలుగు వాక్యాల్లో వివరించండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు
9.1: 211 – 57 = 154; 7,805 ÷ 154 = 50.68
9.2: (6,000 + 40,000) ÷ 2,500 = 18.4. మీకు 16 వచ్చి ఉంటే 9.4 భాగాన్ని మరొకసారి చదవండి.