నడవమన్నారు సరే, ఎక్కడ నడవాలి?

మీ రోగిని ఇంటికి పంపే రోజున మందుల చీటీతోపాటు డాక్టరుగారు ఒక మాట కూడా చెబుతారు: "రోజూ అరగంట నడిపించండి." మందులు దుకాణంలో దొరుకుతాయి. నడిచే చోటు ఎక్కడ దొరుకుతుంది? ఇరుకు సందు, అడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్ళు, మూత లేని మురుగు కాలువ, వీధి కుక్కలు. ఇటువంటి బస్తీలో ఉండేవారు నాలుగు రోజులు నడిచి ఐదో రోజున మానేస్తారు. "మా నాన్న మాట వినడం లేదు" అని మీరు బాధపడతారు. నిజానికి తప్పంతా ఆయనది కాదు. ఆరోగ్యం ఇంట్లోనే కాదు, ఇంటి బయట ఉన్న స్థలంలో కూడా ఉంది. ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

శరీరం ఎంత కదలాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల పాటు ఓ మోస్తరు వ్యాయామం అవసరం. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు కావాలి. 2024లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మందికి ఈ మాత్రం కదలిక కూడా లేదు. ఈ లోటు మగవారిలో 42 శాతం మందికి ఉంటే, ఆడవారిలో 57 శాతం మందికి ఉంది. కదలిక తగ్గితే రక్తపోటు, చక్కెర వ్యాధి, గుండెపోటు, పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

"మేము కష్టజీవులం, మాకు వ్యాయామం ఎందుకు?" అని కొందరు అడుగుతారు. మూటలు మోసేవారి సంగతి వేరు. కానీ కుట్టుమిషను ముందు, ఆటోలో, కాపలా కుర్చీలో పది గంటలు కూర్చునేవారు అలసిపోతారే గాని వారి శరీరానికి తగిన కదలిక ఉండదు.

స్థలం లేదా? మెడెలిన్ చెప్పే పాఠం

దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో మెడెలిన్ అనే నగరం ఉంది. అక్కడి కొండవాలుల మీద కూలినాలి జనం కిక్కిరిసి ఉంటారు. 1991లో ఆ నగరంలో లక్ష జనాభాకు 350కి పైగా హత్యలు జరిగాయి. పిల్లలను బయటకు పంపడానికే తల్లులు భయపడేవారు.

ఆ కొండల మీద నగరానికి నీరిచ్చే పెద్ద ట్యాంకులు ఉన్నాయి. వాటిని కట్టినప్పుడు చుట్టూ ఇళ్ళు లేవు. తరువాత ఇళ్ళు చుట్టుముట్టాయి గాని, ట్యాంకుల చుట్టూ ఉన్న ఖాళీ స్థలం కంచె వెనుక చీకటిగా ఉండిపోయింది. 2012 తరువాత నగరపాలనవారు, నీటి సరఫరా సంస్థవారు కలిసి ఆ కంచెలు తీయించారు. నడకదారులు, ఆటస్థలాలు, పిల్లలు తడిసి ఆడుకునే నీటి ఫౌంటెన్లు, సమావేశపు గదులు, దీపాలు పెట్టారు. ముందుగా చుట్టుపక్కల వారిని పిలిచి, "మీకు ఏమి కావాలి?" అని అడిగి, వారి చేతనే బొమ్మలు గీయించారు.

2015 నాటికి అక్కడ హత్యలు లక్షకు 25 కంటే దిగువకు వచ్చాయి. ఇది ఆటస్థలాల వల్లనే జరిగిందని అనుకోకూడదు. పేటలను కలిపే కేబుల్ కార్లు, గ్రంథాలయాలు, బడులు, పోలీసు చర్యలు వంటివి అనేకం ఉన్నాయి. అయినా చీకటిగా ఉన్న చోట దీపం వెలిగి మనుషులు తిరగడం మొదలైతే పేటకు ప్రాణం వస్తుంది.

వెనిజులా రాజధాని కారకాస్‌లో మరొక ఉపాయం చేశారు. ఒక పేదల పేటలో పాత ఫుట్‌బాల్ మైదానం ఒక్కటే ఉండేది. స్థలం పెంచడానికి వీలు లేదు. అందుచేత 2004లో అదే స్థలంలో అంతస్తులుగా వ్యాయామశాల కట్టి, బాస్కెట్‌బాల్ కోర్టు, నాట్యశాల, పరుగుబాట అన్నీ అందులోనే అమర్చారు.

ఆటస్థలం ఎవరిది?

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990లలో ఒక పరిశీలన జరిగింది. తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతున్నదని తేలింది. పెద్ద మైదానం ఒక్కటే ఉంటే బలమైన మగపిల్లలు దాన్ని ఆక్రమిస్తారు. ఆడపిల్లలు వారితో పోట్లాడరు, ఇంటికి వెళ్ళిపోతారు. 1999లో అయిదో వార్డులోని రెండు పార్కులను మార్చారు. మైదానాన్ని చిన్న చిన్న భాగాలు చేసి, నడకదారులు వేసి, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు పెట్టారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు.

మన బస్తీలో కూడా చూడండి. సాయంత్రం ఖాళీ స్థలమంతా క్రికెట్టే. మీ అమ్మగారు ఎక్కడ నడవాలి? మీ అమ్మాయి ఎక్కడ ఆడాలి?

మీరు ఏమి చేయవచ్చు?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పార్కులు, ఆటస్థలాలను మునిసిపాలిటీలకు అప్పగించదగిన బాధ్యతల జాబితాలో చేర్చింది. కాబట్టి అడగడానికి మొహమాటపడనక్కరలేదు. నలుగురు కలిసి సంతకాలతో అర్జీ వ్రాసి మునిసిపల్ ఆఫీసులో ఇవ్వండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. అర్జీలో ఈ విషయాలు ఉండాలి:

1. ఇంటి నుండి పది నిమిషాల నడకలో ఉన్న ఏదైనా ఖాళీ స్థలం. చిన్నదైనా ఫరవాలేదు.
2. చీకటి పడ్డాక దీపాలు, మంచినీరు, ఆడవారికి వేరుగా మరుగుదొడ్డి.
3. ముసలివారి కోసం మెట్లు లేని చదునైన బాట, మధ్య మధ్య బెంచీలు, నీడనిచ్చే చెట్లు.
4. ఆడపిల్లలకు ప్రత్యేకంగా కొంత చోటు లేదా కొంత సమయం.
5. ఊడ్చేవారెవరు, పాడైన దీపం మార్చేవారెవరు అనే ఏర్పాటు. ఇది లేకపోతే రెండేళ్ళలో ఆ స్థలం మళ్ళీ చెత్తకుప్ప అవుతుంది.

అంతవరకు ఆగనక్కరలేదు. తెల్లవారుజామున బడి ఆవరణ తెరవమని హెడ్మాస్టరుగారిని అడగండి. ఇద్దరు ముగ్గురు కలిసి నడవండి.

జాగ్రత్త

గుండె జబ్బు ఉన్నవారు, ఆపరేషన్ అయినవారు ఎంతసేపు నడవాలో డాక్టరుగారిని అడిగి తెలుసుకోవాలి. నడుస్తుండగా ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం వంటివి కలిగితే వెంటనే ఆపాలి. కూర్చున్నా తగ్గకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. చక్కెర వ్యాధి ఉన్నవారు చెప్పులు లేకుండా నడవరాదు, జేబులో కొంచెం చక్కెర ఉంచుకోవాలి.

మందు ఒక్క రోగినే బాగు చేస్తుంది. మంచి ఆటస్థలం ఆ రోగితోపాటు పక్కింటివారిని, రేపు పెద్దవారయ్యే పిల్లలను కూడా కాపాడుతుంది. ఈ వారమే మీ వీధిలో ఒకసారి తిరిగి, ఖాళీ స్థలం ఎక్కడ ఉందో చూడండి.