రెండేళ్లకని వచ్చినవాళ్లకు

సిక్కోలు నుంచి బయల్దేరి, ఓడెక్కి అండమాన్‌లోని సిప్పీఘాట్ చేరిన కుర్రాళ్లందరూ ఒకే మాట అంటారు: "రెండేళ్లుండి పోతాం తాతా, బండి కాగితాల గొడవ మాకెందుకు?" రెండేళ్లకని వచ్చి ఇక్కడే తల నెరిసినవాళ్లలో నేనొకణ్ని. నాలుగు మాటలు చెబుతాను, వినండి.

1. లైసెన్సు మనిషి వెంట నడుస్తుంది.
శ్రీకాకుళంలో తీసుకున్న లైసెన్సు గడువు తీరేదాకా ఇక్కడా చెల్లుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం దేశమంతటికీ ఒకటే. ఒక మనిషి దగ్గర రెండు లైసెన్సులు ఉండకూడదు కాబట్టి ఇక్కడ ఇంకోటి తీసుకోవద్దు. గడువు తీరాక ఏడాది దాటనిస్తే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు నిలబడాల్సిందే.

2. బండికి పన్నెండు నెలలే గడువు.
ఏపీ నంబరుతో వచ్చిన బండి ఏడాదికి మించి ఇక్కడే తిరిగితే ఏఎన్ నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ కావాలి. ఫైనాన్సు బాకీ ఉంటే వాళ్ల అంగీకారమూ కావాలి. ఇవన్నీ ఓడెక్కకముందే చూసుకోండి. బదిలీలుండే కేంద్ర ఉద్యోగులైతే కొత్త బండికి 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ అడగండి, ఈ తిప్పలుండవు.

3. పేరు మారనంతకాలం బండి నీదే.
ఊరెళ్లిపోతూ ఒక కుర్రాడు తన స్కూటరును గదిలోని స్నేహితుడికి అమ్మాడు. డబ్బు చేతిలో పడింది, తాళం చేతులు మారింది, ఆర్‌సీలో పేరు మాత్రం మారలేదు. తర్వాత ప్రమాదం జరిగితే నోటీసు ఊళ్లో ఉన్న వాళ్లమ్మ గుమ్మానికి వెళ్లింది. ఆ బేరం నా ఎదుటే జరిగింది. ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇవ్వమని ఒక్క మాట అనలేకపోయానన్న బాధ నాకింకా ఉంది. రికార్డులో ఎవరి పేరుంటే పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

4. కాగితానికి నకలు ఉండాలి.
2004 సునామీకి సిప్పీఘాట్ పల్లపు పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. ఇళ్లలోని కాగితాలకూ అదే గతి పట్టింది. ఇప్పుడు డిజీలాకర్‌లోని లైసెన్సు, ఆర్‌సీ తనిఖీలో చెల్లుతాయి. ఫోనులో పెట్టుకోండి.

రెండేళ్లా, ఇరవయ్యేళ్లా అన్నది మీ ఇష్టం. చట్టం మాత్రం బండి ఎక్కడుందో, ఎవరి పేరున ఉందో చూస్తుంది. ఈ వారమే మీ ఆర్‌సీ తీసి పేరు, చిరునామా, బీమా గడువు సరిచూసుకోండి బాబూ.